మా అమ్మాయికి యాంటీ-డి వద్దన్నారు

లేబర్ రూములో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు కొన్ని అలవాట్లు ఒంట్లో ఇంకిపోతాయి. కేసు షీటు చేతికి రాగానే నా కన్ను ముందు బ్లడ్ గ్రూపు మీదికే పోయేది. నెగెటివ్ అని ఉంటే ఎర్ర సిరాతో చుట్టూ గీత గీసి, పక్కన భర్త గ్రూపు రాసి, బయట బెంచీ మీద కూర్చున్న బంధువుల్లో కాస్త చురుకైనవాణ్ని పిలిచి, "ఇంజెక్షన్ ఒకటి తేవాల్సి రావచ్చు, డబ్బు సర్దుకుని ఉండండి" అని చెప్పేదాన్ని. కాకినాడలో అప్పట్లో అన్ని మందుల షాపుల్లోనూ అది దొరికేది కాదు. దొరికినా, ఫ్రిజ్‌లో ఉంచినదేనా అని అడిగి మరీ తీసుకోవాలి. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు రక్తం ట్యూబులోకి పట్టి బ్లడ్ బ్యాంకుకు పంపడం, బిడ్డ పాజిటివ్ అని కబురు రాగానే, తర్వాతి కాన్పుల్లో బిడ్డలకు ముప్పు రాకుండా కాచే యాంటీ-డి ఇంజెక్షన్ తల్లికి వేయడం, అన్నీ 72 గంటల్లో అయిపోవాలి. ఆ గడువు విషయంలో నేను పెట్టే సతాయింపుకు జూనియర్లు నాకు ‘యాంటీ-డి సిస్టరు’ అని పేరు పెట్టుకున్నారట. రిటైరయ్యాక ఒకమ్మాయి చెప్పింది. నాకేమీ కోపం రాలేదు.

అలాంటి నాకు, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉన్న మా అమ్మాయి అయిదో నెలలో ఫోన్ చేసి, "అమ్మా, నాకు యాంటీ-డి అక్కర్లేదట. బిడ్డ కూడా నెగెటివేనట" అంది. అమ్మాయిది బీ నెగెటివ్, అల్లుడిది ఓ పాజిటివ్.

"బిడ్డ గ్రూపు వాళ్లకెలా తెలిసింది? ఉమ్మనీరు తీశారా?" అని గట్టిగానే అడిగాను. పొట్టలోకి సూది గుచ్చి ఉమ్మనీరు తీస్తే గర్భం పోయే ముప్పు కొద్దిగానైనా ఉంటుంది. పైగా ఆ సూది వల్లే బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలవచ్చు. దేనికి భయపడి పరీక్ష చేస్తున్నామో ఆ పనే జరుగుతుందన్నమాట.

"అదేం లేదమ్మా. నా చేతి నుంచి ఒక ట్యూబు రక్తం తీశారు, అంతే."

ఆ కాగితం ఫొటో తీసి పంపమన్నాను. తల్లి ప్లాస్మాలోని, అంటే రక్తకణాలు తీసేస్తే మిగిలే ద్రవంలోని, డీఎన్‌ఏను బట్టి బిడ్డ ఆర్‌హెచ్‌డి (మనం గ్రూపు పక్కన పాజిటివ్, నెగెటివ్ అని రాసేది దీన్నిబట్టే) నెగెటివ్ అని అంచనా వేస్తున్నామని, గర్భం సమయంలో యాంటీ-డి అవసరం లేదని అందులో ఉంది. నాకు మనసొప్పలేదు. పురిటికి బయల్దేరేలోపు దొరికినదంతా చదివాను. ఇక్కడికి వచ్చాక అమ్మాయి మిడ్‌వైఫ్‌ను పట్టుకుని అడగాల్సినవన్నీ అడిగాను. ఆవిడా నేనూ ఒకే పని చేసినవాళ్లం కాబట్టి నా ఇంగ్లిషు ఎలా ఉన్నా మా మాటలు ఎక్కడా ఆగలేదు.

ఈ ఇంజెక్షన్ గురించి నాకెందుకంత పంతమో చెప్పకపోతే మిగిలినది అర్థం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కోనసీమ నుంచి ఒకావిడ మూడో కాన్పుకు వచ్చింది. మొదటి బిడ్డ బాగానే పుట్టి, జ్వరమొచ్చి పోయిందట. రెండోది కడుపులోనే పోయింది. మేనరికం వల్లే ఇలా అవుతోందని ఊళ్లో తేల్చేశారు. తల్లి రక్తంలో బిడ్డ కణాలకు ఎదురుతిరిగే యాంటీబాడీలు ఉన్నాయో లేదో చెప్పే కూంబ్స్ పరీక్ష చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆవిడ ఏ నెగెటివ్. మొదటి కాన్పులో పాజిటివ్ బిడ్డ రక్తం కొంత ఆవిడ ఒంట్లో కలిసింది. ఆ రక్తకణాల మీదుండే డి అనే పదార్థం ఆవిడ కణాల మీద లేదు కనుక, ఒళ్లు దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంది. తర్వాత కడుపులో పడిన పాజిటివ్ బిడ్డల ఎర్రకణాలను అవి మాయ దాటి వెళ్లి పగలగొడుతున్నాయి. మొదటి బిడ్డకు ఏమీ కాకపోవడం, తర్వాతి బిడ్డలు వరసగా పోవడం ఈ జబ్బు తీరు.

మూడో బిడ్డ ప్రాణంతో పుట్టాడు. పుట్టిన కొన్ని గంటలకే ఒళ్లంతా పసుపురంగు తిరిగింది. పిల్లల డాక్టరుగారు బొడ్డులోని రక్తనాళంలోకి సన్నని గొట్టం పెట్టి రక్తం మార్చడానికి కూర్చున్నారు. పది మిల్లీలీటర్లు బయటికి లాగడం, పారేయడం, పది మిల్లీలీటర్ల ఓ నెగెటివ్ రక్తం మెల్లగా లోపలికి ఎక్కించడం. నా పని లెక్క రాయడం. అట్ట మీద రెండు గళ్లు గీసుకుని, ‘లోపలికి’ ఒక గీత, ‘బయటికి’ ఒక గీత, మధ్యమధ్య గుండె వేగం. లెక్కలో తేడా వస్తే అంత చిన్న ఒంట్లో రక్తం ఎక్కువో తక్కువో అయిపోతుంది. తెల్లవారుజాము దాకా గీతలు గీస్తూనే ఉన్నాను. ఆ రక్తం ఇచ్చింది మా ఆయనే. ఆయన ఓ నెగెటివ్. బ్లడ్ బ్యాంకు గోడ మీద అతికించిన నెగెటివ్ దాతల కాగితంలో మా పక్కింటివాళ్ల ఫోన్ నంబరు ఉండేది, మా ఇంట్లో ఫోన్ లేదు కాబట్టి. అర్ధరాత్రి పక్కింటాయన కండువా భుజాన వేసుకుని తలుపు కొట్టడం మాకు మామూలైపోయింది.

ఆవిడకు మొదటి కాన్పు అయిన వెంటనే ఒక్క ఇంజెక్షన్ పడి ఉంటే ఇదంతా ఉండేది కాదు. యాంటీ-డి అంటే బయట తయారైన అదే యాంటీబాడీ. తల్లి ఒంట్లో చేరిన బిడ్డ రక్తకణాలను ఆవిడ ఒళ్లు గుర్తుపట్టకముందే అది తుడిచిపెట్టేస్తుంది. ఒళ్లు ఒకసారి గుర్తుపట్టాక ఎన్ని ఇంజెక్షన్లు వేసినా ప్రయోజనం సున్నా. 1960లలో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్, రొనాల్డ్ ఫిన్ బృందం, అమెరికాలో ఫ్రెడా, గోర్మన్, పొలాక్ బృందం విడివిడిగా దీన్ని సాధించాయి. 1968లో వాడుకలోకి వచ్చింది. ఏమీ చేయకపోతే పాజిటివ్ బిడ్డను కన్న నెగెటివ్ తల్లుల్లో నూటికి సుమారు 16 మందికి యాంటీబాడీలు వస్తాయి. కాన్పు తర్వాతి డోసుతో అది రెండు లోపుకు దిగుతుంది. ఏడో నెలలో, 28వ వారం దగ్గర ఇంకో డోసు వేస్తే దానికన్నా ఎంతో తగ్గిపోతుంది.

ఆ ఏడో నెల డోసు దగ్గరే చిక్కు. కాన్పు తర్వాత అయితే బొడ్డుతాడు రక్తం చూసి, బిడ్డ పాజిటివ్ అయితేనే వేస్తాం. కడుపులో ఉన్న బిడ్డ గ్రూపు తెలియదు కనుక నెగెటివ్ గర్భిణులందరికీ కళ్లు మూసుకుని వేయడమే పద్ధతిగా ఉండేది. ఇక్కడి తెల్లవాళ్లలో నెగెటివ్ తల్లులు మోసే బిడ్డల్లో నూటికి 40 మంది నెగెటివే. వాళ్ల తల్లులకు ఆ ఇంజెక్షన్ పూర్తిగా దండగ.

వేస్తే పోయేదేముంది అని మొదట నేనూ అన్నాను. దానికి మిడ్‌వైఫ్ చెప్పిన జవాబు నాకు నచ్చింది. ఇది ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపి చేసే మందు కాదు, మనుషుల ప్లాస్మాలోంచి తీసేది. యాంటీబాడీ ఉన్న దాతలు వచ్చి మళ్లీ మళ్లీ ఇస్తేనే తయారవుతుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన ఇందుకోసం 1173 సార్లు దానం చేసి, 81 ఏళ్ల వయసులో, ఇక వయసు దాటిందని చెబితే మానేశారు. ఆయన 2025లో కాలం చేశారు. అలాంటివాళ్ల చోటు భర్తీ కావడం అంత తేలిక కాదు. రెండో సంగతి భద్రత. 1977లో ఐర్లండ్‌లో తయారైన యాంటీ-డిలో ఒక దాత ప్లాస్మా ద్వారా హెపటైటిస్-సి వైరస్ చేరి వందల మంది తల్లులకు సోకింది. అది బయటపడింది 1994లో. ఇప్పుడు వడపోతలు, పరీక్షలు చాలా ఉన్నాయి. అయినా అవసరం లేని మనిషికి మరొకరి రక్తం నుంచి తీసిన మందు ఎందుకు ఎక్కించాలి అన్న ప్రశ్నకు నా దగ్గర ఎదురు జవాబు లేకపోయింది.

ఇక పరీక్ష సంగతి. తల్లి రక్తంలో బిడ్డ కణాలు ఏవో తిరుగుతుంటాయని శాస్త్రవేత్తలకు ముందే తెలుసు. వాటిని వెతికి పట్టుకోవాలని ఏళ్లూపూళ్లూ ప్రయత్నించారు. అవి మరీ తక్కువ, పైగా పాత కాన్పుల నాటివి కూడా ఒంట్లో ఉండిపోతాయి. హాంకాంగ్‌కు చెందిన డెనిస్ లో అనే డాక్టరు ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తుండగా, క్యాన్సర్ రోగుల ప్లాస్మాలో గడ్డ తాలూకు డీఎన్‌ఏ కనబడుతోందని 1996లో వచ్చిన పరిశోధనలు చదివారు. చిన్న గడ్డే అంత డీఎన్‌ఏ వదిలితే, నెలల తరబడి పెరిగే బిడ్డ వదలదా అన్నది ఆయన ఆలోచన. అప్పటిదాకా అందరూ కణాలు తీసుకుని, పైన తేలే ప్లాస్మాను పారబోస్తున్నారు. ఆయన ఆ పారబోసేదాన్నే తీసుకుని, ఇంట్లో నూడుల్స్ ఉడకబెట్టుకున్నట్లు అయిదు నిమిషాలు మరిగించి చూశారట. మగబిడ్డను మోస్తున్న తల్లుల ప్లాస్మాలో వై క్రోమోజోము ముక్కలు దొరికాయి. 1997లో అది అచ్చయింది. మరుసటి ఏడాదే అదే పద్ధతితో బిడ్డ ఆర్‌హెచ్‌డి కూడా చెప్పగలిగారు.

ఆ కిటుకు నేను రెండోసారి చదివాక తలకెక్కింది. తల్లి ప్లాస్మాలో తేలే డీఎన్‌ఏలో నూటికి తొంభై వంతులు ఆవిడదే. బిడ్డ తాలూకుది, నిజానికి మాయ నుంచి రాలేది, పదో వంతు అటూ ఇటూ. రెండూ కలిసిపోయి ఉంటాయి. విడదీయడం కష్టం. విడదీయాల్సిన పనే లేదు. తల్లిలో లేని దాన్ని వెతికితే చాలు. ఆడమనిషిలో వై క్రోమోజోము ఉండదు కనుక అది కనబడితే బిడ్డదే. అలాగే నెగెటివ్ తల్లుల్లో ఎక్కువమందికి డి ని తయారుచేసే జన్యువు మొత్తంగానే ఉండదు. కనుక ఆవిడ ప్లాస్మాలో ఆ జన్యువు ముక్క కనబడిందంటే అది బిడ్డది, బిడ్డ పాజిటివ్. కనబడకపోతే నెగెటివ్. ఈ డీఎన్‌ఏ కాన్పయిన కొన్ని గంటల్లోనే తల్లి రక్తం నుంచి మాయమైపోతుంది. అందుకని పాత కాన్పు డీఎన్‌ఏ వచ్చి లెక్క తప్పించదు.

ఒక్క మాట. ఈ పరీక్ష బిడ్డ ఏ, బీ, ఓ ఏదో చెప్పదు. డి ఉందా లేదా అన్నంతవరకే. మా బంధువుల్లో ఒకరు "జాతకంలో రాయించడానికి పూర్తి గ్రూపు కూడా అడగకపోయారా" అన్నారు. రక్తపు గ్రూపు జాతకంలోకి ఎప్పుడు ఎక్కిందో నాకు తెలియదు.

ఇంగ్లండ్‌లో ఈ నమూనాలను పరీక్షించే ల్యాబ్ బ్రిస్టల్ శివార్లలోని ఫిల్టన్‌లోనే ఉంది. మా అల్లుడి ఆఫీసు కూడా ఆ పక్కనే. వాకింగ్‌కు తీసుకెళ్లి చూపించమంటే, "అక్కడ చూడ్డానికేముందత్తయ్యా, ఆఫీసు బిల్డింగే" అన్నాడు. నిజమే, చూడ్డానికేమీ లేదు. అయినా రెండుసార్లు చూశాను.

బిడ్డ నెగెటివ్ అని వచ్చినప్పుడు నాకు కలిగిన మొదటి అనుమానం అల్లుడి మీద, అంటే అతని జన్యువుల మీద. పాజిటివ్ తండ్రికి నెగెటివ్ బిడ్డ పుట్టాలంటే, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా అతనికి వచ్చిన ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలో డి ఉండకూడదు. వియ్యపురాలికి ఫోన్ చేసి, "వదినగారూ, మీ బ్లడ్ గ్రూపు ఏమిటి?" అని అడిగాను. పండగ సరుకుల గురించి అనుకున్నట్లున్నారు, కాస్త తడబడి, "ఓ నెగెటివ్ అండీ. రెండు కాన్పులకూ ఇంజెక్షన్ వేయించుకున్నాను, మా పుట్టింటివాళ్లు హైదరాబాద్ నుంచి తెప్పించారు" అన్నారు. దాంతో చిక్కు వీడింది. తల్లి దగ్గర డి లేని ప్రతి తప్ప ఇంకోటి లేదు, అదే కొడుక్కూ వచ్చింది. కనుక అతని బిడ్డ నెగెటివ్ కావడానికి సగానికి సగం అవకాశం. కాగితం అబద్ధం చెప్పి ఉండకపోవచ్చని అప్పుడు అనిపించింది.

అయినా పరీక్ష ఫలితం తప్పు కాకూడదనేముంది? తప్పుతుంది. కానీ ఎటువైపు తప్పుతుందన్నది ముఖ్యం. బిడ్డ నెగెటివ్ అయి, పరీక్ష పాజిటివ్ అంటే, తల్లికి ఒక అనవసరపు సూది పడుతుంది, అంతే. బిడ్డ పాజిటివ్ అయి, పరీక్ష నెగెటివ్ అంటేనే ప్రమాదం. అందుకే తేలనివన్నీ పాజిటివ్ కిందే లెక్కగట్టేలా ఏర్పాటు చేశారు. నెదర్లాండ్స్‌లో 2011 నుంచి నెగెటివ్ గర్భిణులందరికీ 27వ వారంలో ఈ పరీక్ష చేస్తున్నారు. అక్కడ 25,789 గర్భాల్లో పరీక్ష ఫలితాన్ని, పుట్టాక బొడ్డుతాడు రక్తంతో పోల్చి చూస్తే, పాజిటివ్ బిడ్డను నెగెటివ్ అన్నవి 9. డెన్మార్క్ వాళ్లు అంతకు ముందే, 2010లో మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో ఏ వైద్యం వాడాలో సలహా ఇచ్చే నైస్ అనే సంస్థ 2016లో సిఫారసు చేసింది. మరీ తొందరపడి తొలి వారాల్లో రక్తం తీస్తే బిడ్డ డీఎన్‌ఏ సరిపడా ఉండక తప్పు రావచ్చు. ఆఫ్రికా మూలాలున్నవారిలో జన్యువు ఉండి కూడా పనిచేయని రకం ఎక్కువ కనుక, ఒకచోట కాక రెండుమూడు చోట్ల వెతకాలి. ఇవన్నీ ఆ ల్యాబులు ఎప్పుడో ఆలోచించుకున్నవే.

అయినా కాన్పప్పుడు నేను బొడ్డుతాడు రక్తం తీశారా అని అడగకుండా ఉండలేదు. మిడ్‌వైఫ్ ట్యూబు పైకెత్తి లేబుల్ నాకు చూపించింది. మనవరాలు బీ నెగెటివ్. అమ్మాయికి యాంటీ-డి పడలేదు.

ఇప్పుడు నా అసలు గొడవ. ఈ సంగతి చెప్పగానే ఇంటి దగ్గర తెలిసినవాళ్లంతా, "మనకెందుకు రాలేదు ఇది, అందరికీ చేయించాలి" అంటున్నారు. కాస్త లెక్క వేయండి. నెగెటివ్ తల్లి నుంచి బిడ్డకు వచ్చేది ఎటూ డి లేని ప్రతే. తండ్రి నుంచి కూడా డి లేనిది వస్తేనే బిడ్డ నెగెటివ్. తెల్లవాళ్లలో నెగెటివ్‌లు నూటికి 16 మంది అనుకుంటే, జనంలో డి లేని ప్రతుల వాటా నూటికి 40. ఎందుకంటే 0.4ను 0.4తో గుణిస్తే 0.16. మన దేశంలో నెగెటివ్‌లు నూటికి 5 అటూ ఇటూ. దాన్ని బట్టి డి లేని ప్రతుల వాటా 22. అంటే మన నెగెటివ్ తల్లుల్లో అయిదుగురికి ఒకరు మాత్రమే నెగెటివ్ బిడ్డను మోస్తుంటారు. నలుగురికి ఇంజెక్షన్ ఎలాగూ వేయాల్సిందే. అయిదుగురికి డీఎన్‌ఏ పరీక్ష చేసి ఒక్క ఇంజెక్షన్ మిగుల్చుకోవడం ఏ రకం పొదుపు? ఇక్కడివాళ్లకు గిట్టుబాటైనది మనకు గిట్టుబాటు కావాలనేముంది? డబ్బున్నవాళ్లు చేయించుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ప్రభుత్వం డబ్బు పెట్టాలంటే మాత్రం, ముందు ప్రతి గర్భిణికీ తొలి నెలల్లోనే గ్రూపు చూడండి, నెగెటివ్ అయితే కూంబ్స్ చేయండి, ఇంజెక్షన్ ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే ఉంచండి అంటాను. ఫ్లాస్కు పట్టుకుని షాపుల చుట్టూ తిరిగిన మొగుళ్లను చూసినదాన్ని.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బిడ్డ డీఎన్‌ఏ నిజంగా ట్యూబులో ఉందని రూఢి చేసుకోవడానికి కొన్ని ల్యాబులు వై క్రోమోజోమును కూడా చూస్తాయి. అంటే ఆడో మగో ఆ ట్యూబే చెప్పేస్తుంది. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం తెచ్చుకోవాల్సి వచ్చిన దేశం మనది. గ్రూపు పరీక్ష పేరుతో ఆ దారి తెరుచుకోకుండా కాపలా పెట్టాలి.

మన దగ్గర ఈ పరీక్ష నిజంగా అవసరమయ్యేది వేరే వాళ్లకు. ఆ కోనసీమ ఆవిడలాగా ఇప్పటికే యాంటీబాడీలు వచ్చేసినవాళ్లకు. వాళ్లకు ఇంజెక్షన్ పనిచేయదు. మళ్లీ గర్భం వస్తే రెండు వారాలకోసారో, ఇంకా తరచుగానో స్కాన్‌లో బిడ్డ మెదడు రక్తనాళంలో రక్తం వేగం చూడాలి. బిడ్డలో రక్తం పలచబడితే ఆ వేగం పెరుగుతుంది. అవసరమైతే కడుపులోని బిడ్డకే రక్తం ఎక్కించాలి. అది చేయగల డాక్టర్లు ఉండేది హైదరాబాద్ లాంటి నగరాల్లో. పల్లె నుంచి ప్రతి స్కానుకూ బస్సెక్కి వెళ్లే మనిషికి, భర్త మా అల్లుడి లాంటివాడైతే, నాలుగో నెలలోనే "మీ బిడ్డ నెగెటివ్, ఈ తిరుగుడేమీ అక్కర్లేదు" అని చెప్పగలగడం ఎంత మేలు! డబ్బు పెట్టాల్సింది అక్కడ. వీళ్ల సంఖ్య తక్కువ, ఖర్చూ తక్కువ, లాభం పెద్దది. ఇంగ్లండ్‌లో అయితే అలాంటి తల్లులకు డి ఒక్కటే కాదు, సీ, ఈ, కెల్ లాంటి మిగతా గ్రూపులకు కూడా ఇదే తరహా పరీక్ష చేస్తున్నారు.

మొన్న రాజమండ్రి నుంచి పాత సహోద్యోగి ఫోన్ చేసింది. "అక్కా, మా కోడలు ఓ నెగెటివ్. నాలుగో నెల. నువ్వు చెప్పిన పరీక్ష ఇక్కడా చేస్తారట, చేయించమంటావా?" అని అడిగింది. కొడుకు గ్రూపు అడిగాను. పాజిటివ్. తనదీ, భర్తదీ కూడా పాజిటివే, తెలిసినంతలో ఆ ఇంట్లో నెగెటివ్‌లు లేరు. అయితే బిడ్డ పాజిటివ్ అనే అనుకుని నడుచుకోమన్నాను. కూంబ్స్ ఇప్పుడొకసారి, 28వ వారంలో ఒకసారి. అందులో యాంటీబాడీలు లేవని వస్తే వెంటనే ఏడో నెల డోసు. ఈలోగా పొట్టకు దెబ్బ తగిలినా, రక్తం కనిపించినా ఆగకుండా డాక్టరు దగ్గరికి. కాన్పుకు వెళ్లేటప్పుడు గ్రూపు కాగితం ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టమన్నాను. బొడ్డుతాడు రక్తం పంపారా, రిపోర్టు వచ్చిందా అని అడిగే పని కొడుక్కి అప్పగించమన్నాను. "వాడు మొహమాటపడతాడక్కా" అంది. అయితే నా నంబరివ్వు, నేనే అడుగుతాను అన్నాను.